మూడో మనిషికి ఒక పని

న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో ఒక గది. ఒక్కో కుర్రవాణ్ణి కూర్చోబెట్టి ఏదో ప్రశ్నాపత్రం నింపమన్నారు. కాసేపటికి గోడలోని కంతలోంచి తెల్లటి పొగ రావడం మొదలైంది. అలా గదిలో ఒంటరిగా ఉన్నవాళ్ళలో నూటికి 75 మంది లేచి వెళ్ళి ఎవరో ఒకరికి చెప్పారు. అదే గదిలో మరో ఇద్దరిని కూర్చోబెట్టి, పొగ కనబడ్డా పట్టనట్టు రాసుకుంటూ పొమ్మని వాళ్ళకు ముందే చెప్పి పెట్టినప్పుడు మాత్రం పదిమందిలో ఒక్కడే లేచాడు. మిగతా తొమ్మిదిమందీ దగ్గుతూ, కళ్ళు నులుముకుంటూ, పొగను చేత్తో తోలుకుంటూ రాస్తూనే ఉన్నారు. తర్వాత అడిగితే ఆవిరేమో అనుకున్నామన్నారు కొందరు. ఇద్దరికైతే, తమ చేత నిజం చెప్పించడానికి వదిలిన గ్యాసేమోనన్న అనుమానం కూడా వచ్చిందట. నిప్పంటుకుందేమోనన్న ఊహ మాత్రం వాళ్ళకు రాలేదు, లేదా రానివ్వలేదు.

1968లో అచ్చయిన ఈ ప్రయోగం బిబ్ లతానే, జాన్ డార్లీ అనే ఇద్దరు యువ మనస్తత్వ శాస్త్రవేత్తలది. కళ్ళెదుట ఒక అమ్మాయిని ఎవరైనా ఇబ్బంది పెడుతుంటే పక్కనున్న నువ్వేం చెయ్యాలి అని ఇవాళ అమెరికా కాలేజీల్లో కొత్తగా చేరిన విద్యార్థులకు చెప్పే పాఠానికి మూలం ఆ పొగ గదిలో ఉంది. అయితే అక్కణ్ణుంచి క్లాసు గదికి రావడానికి పాతికేళ్ళు పట్టింది.

వాళ్ళిద్దరినీ ఈ దారి పట్టించింది ఒక హత్య. 1964 మార్చి 13 తెల్లవారుజామున న్యూయార్క్‌లోని క్యూ గార్డెన్స్‌లో, పని ముగించుకుని ఇంటికొస్తున్న 28 ఏళ్ళ కిట్టీ జెనోవీస్‌ను ఒకడు పొడిచి చంపాడు. రెండు వారాల తర్వాత న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలో కథనం వచ్చింది. 38 మంది ఇరుగుపొరుగువాళ్ళు అరగంటకు పైగా కిటికీల్లోంచి చూస్తూ కూడా పోలీసులకు ఫోను చెయ్యలేదన్నది దాని సారాంశం. నగరంలో మనుషులు రాళ్ళైపోయారని దేశమంతా కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పీఠాల మీదినుంచి ప్రసంగాలు, పత్రికల్లో సంపాదకీయాలు.

ఆ లెక్క తప్పని తర్వాత తేలింది. పత్రిక రాసినట్టు దాడి మూడుసార్లు కాదు, రెండుసార్లు జరిగింది. రెండోది మెట్ల దగ్గర, చాలామందికి కనబడని చోట. చాలామంది చూడలేదు, ఏదో అరుపు మాత్రం విన్నారు. ఒకాయన కిటికీలోంచి కేక వేస్తే హంతకుడు కాసేపు పారిపోయాడు కూడా. పొరుగింటావిడ ఒకామె ఆ వేళప్పుడు మెట్లు దిగి వచ్చి, కొనప్రాణంతో ఉన్న కిట్టీని పట్టుకుని కూర్చుంది. ఆ సంగతి కథనంలో లేదు. 2016లో హంతకుడు జైల్లో చనిపోయినప్పుడు, నాటి తన కథనంలో లోపాలున్నాయని ఆ పత్రికే ఒప్పుకుంది. తప్పుడు లెక్క మీద ఇంత శాస్త్రం నిలబడిందా అని అడగొచ్చు. నిలబడింది, ఎందుకంటే లతానే, డార్లీ ఆ లెక్కను నమ్ముకుని ఊరుకోలేదు. ఇద్దరూ ఓ సాయంత్రం భోజనం దగ్గర దీని గురించే మాట్లాడుకుంటూ, అందరూ అడుగుతున్న ప్రశ్నను తిరగేశారు. 38 మంది ఉండి కూడా ఎందుకు కదల్లేదని లోకం అడుగుతోంది. అంతమంది ఉన్నందువల్లే కదల్లేదేమో అని వీళ్ళకు తట్టింది.

దాన్ని పరీక్షించడానికి విద్యార్థులను విడివిడి గదుల్లో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, కాలేజీ జీవితంలోని కష్టసుఖాలు ఒకరితో ఒకరు మాట్లాడుకోమన్నారు. మధ్యలో ఒక గొంతు తడబడి, మూర్ఛ వచ్చినవాడిలా గిలగిలలాడింది. అది రికార్డు చేసి పెట్టిన గొంతు. వింటున్నది తానొక్కడినే అనుకున్నవాళ్ళలో 85 శాతం ఆ గొంతు ఆగకముందే సాయానికి లేచారు. తనతో పాటు మరో నలుగురు కూడా వింటున్నారనుకున్నవాళ్ళలో 31 శాతమే. నాకు అంతకన్నా ముఖ్యమనిపించేది శాస్త్రవేత్తలు పక్కన రాసుకున్న మరో గమనిక. లేవనివాళ్ళ గదిలోకి వెళ్ళి చూస్తే వాళ్ళేమీ కాలు మీద కాలేసుకుని కూర్చోలేదు. చేతులు వణుకుతున్నాయి, అరచేతులకు చెమటలు. అతనికి బాగానే ఉందా అని వాళ్ళే ఎదురు అడిగారు. రాళ్ళైపోయిన మనుషులు ఇలా ఉండరు. ఏం చెయ్యాలో, ఎవరు చెయ్యాలో తేలక ఆ రెండింటి మధ్య ఇరుక్కున్నవాళ్ళు ఇలా ఉంటారు.

1970లో వాళ్ళు పుస్తకం రాస్తూ దీన్ని మెట్లుగా విడగొట్టారు. ముందు గమనించాలి, అది ప్రమాదమని అర్థం కావాలి, అది తన పని అనుకోవాలి, ఏం చెయ్యాలో తెలియాలి, చివరికి చెయ్యాలి. ఏ మెట్టు దగ్గరైనా మనిషి ఆగిపోవచ్చు.

రెండో మెట్టు ఎంత జారుడుదో 1976లో లాన్స్ షాట్‌లాండ్, మార్గరెట్ స్ట్రా చూపించారు. ఒక మగవాడు స్త్రీ మీద దాడి చేస్తున్నట్టు నటించారు. నువ్వెవరో నాకు తెలియదని ఆమె అరిస్తే చూసేవాళ్ళలో 65 శాతం కలగజేసుకున్నారు. నిన్నెందుకు పెళ్ళి చేసుకున్నానో అని అరిస్తే 19 శాతానికి పడిపోయింది. దెబ్బలవే, మారింది ఆ ఒక్క మాటే. ఆలుమగల గొడవలో మనమెందుకు తలదూర్చాలి అన్న మాట మన వీధుల్లోనే పుట్టిందనుకునేవాళ్ళం ఈ అంకెలు చూడాలి.

కాలేజీ ఆవరణలకు ఇది నేరుగా తగిలే విషయం. అక్కడ వేధించేవాడు చీకట్లోంచి వచ్చిన అపరిచితుడు కాడు. క్లాస్‌మేటో, సీనియరో, ల్యాబ్‌లో పక్క బల్లవాడో. మేరీ కాస్ 1987లో అచ్చువేసిన సర్వేలో 32 విద్యాసంస్థల నుంచి 6,159 మంది విద్యార్థులు పాల్గొన్నారు. లైంగిక దాడుల్లో ఎక్కువ భాగం తెలిసినవాళ్ళే చేస్తున్నారని అందులో బయటపడింది. అయినా ఆ రోజుల్లో కాలేజీలు చేసిందేమిటి? అమ్మాయిలకు జాగ్రత్తలు, చేతికి ఈలలు. అబ్బాయిలకు హెచ్చరికలు. అమ్మాయిలు రేపటి బాధితులుగా, అబ్బాయిలు రేపటి నేరస్థులుగా ఆ హాల్లోకి అడుగుపెట్టేవారు. నేరస్థుడి కుర్చీలో కూర్చోబెట్టి చెప్పే మాట ఎవడు వింటాడు? చేతులు కట్టుకుని, నా గురించి కాదులే అనుకుంటూ కూర్చుంటాడు.

ఆ కుర్చీని జరిపినవాడు జాక్సన్ కాట్జ్. హైస్కూల్లో పేరున్న ఫుట్‌బాల్ ఆటగాడు. మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో స్త్రీల అధ్యయనాన్ని ఉప విషయంగా తీసుకున్న మొదటి మగ విద్యార్థి కూడా అతనే. ఈ రెండూ ఒకే మనిషిలో కలవడం వల్లే ఇది జరిగిందని నా నమ్మకం. 1993లో బోస్టన్‌లోని నార్త్‌ఈస్టర్న్ విశ్వవిద్యాలయంలో, రిచర్డ్ లాప్చిక్ నడిపే క్రీడల అధ్యయన కేంద్రం అండతో కాట్జ్ ఒక కార్యక్రమం మొదలుపెట్టాడు. అందులో ఆటగాళ్ళను నేరస్థులుగానూ చూడలేదు, కాపలాదారులుగానూ చూడలేదు. నీ జట్టువాడు ఒకమ్మాయి గురించి నీచంగా మాట్లాడితే, పార్టీలో తాగి ఒళ్ళు తెలియని అమ్మాయిని గదికి తీసుకెళ్తుంటే, పక్కనున్న స్నేహితుడిగా నువ్వేం చేస్తావు అన్నదే ప్రశ్న. ఆటగాళ్ళకు వ్యూహాల పుస్తకం అలవాటే కాబట్టి దీనికీ అలాంటిదే తయారు చేశారు. ప్రతి సందర్భం కింద ఆ క్షణంలో మనసులో తిరిగే ఆలోచనలు ఉంటాయి. ఇంకెవరూ లేవట్లేదు కదా, నేనెందుకు? వాడు నా మీదికి తిరిగితే? రేపు జట్టులో నన్ను వెలివేస్తే? ఆ కింద చెయ్యదగిన పనులు ఒకటికి నాలుగు. ఏమీ చెయ్యకపోవడం కూడా అందులో ఒకటిగా రాసి పెట్టారు. అది కూడా నువ్వు ఎంచుకున్నదే అని గుర్తుచేయడానికి కాబోలు. కాట్జ్ ఈ పాఠాన్ని తర్వాత అమెరికా మెరైన్ల దగ్గరికి కూడా తీసుకెళ్ళాడు.

ఇరవై ఏళ్ళకు పైగా పుస్తకంలో ఉన్న ఐదు మెట్లకు అలా పని దొరికింది. ఇక అది పనిచేస్తుందో లేదో కొలవాలి. ఆ పని న్యూ హాంప్‌షైర్ విశ్వవిద్యాలయంలో విక్టోరియా బాన్యార్డ్, మేరీ మోయ్నిహాన్, ఎలిజబెత్ ప్లాంట్ తలకెత్తుకున్నారు. ఒక అమ్మాయి, ఒక అబ్బాయి జంటగా పాఠం చెప్పేవారు. 389 మంది విద్యార్థులతో పరీక్షించి 2007లో ఫలితాలు అచ్చువేశారు. పాఠం విన్నవాళ్ళలో తెలివిడి, వైఖరి, చేతలు మెరుగయ్యాయి.

కెంటకీ విశ్వవిద్యాలయంలో డొరతీ ఎడ్వర్డ్స్ ఇంకో అడుగు వేసింది. ‘గ్రీన్ డాట్’ అన్నది ఆమె పెట్టిన పేరు. అంటురోగం పాకుతున్న పటం మీద ఎర్ర చుక్కల్లా ఒక్కో వేధింపు ఒక్కో ఎర్ర చుక్క అనుకుంటే, దాన్ని ఆపడానికి ఎవరైనా చేసే చిన్న పని ఒక ఆకుపచ్చ చుక్క. చుక్కల సంగతి కన్నా ఆమె చేసిన మరో పని నాకు గొప్పగా తోస్తుంది. ఎదురు నిలబడి అడ్డుకోవడం అందరి వల్లా కాదని బాహాటంగా ఒప్పుకుంది. ఒకరికి సిగ్గు, ఒకరికి భయం, ఇంకొకరికి ఎదుటివాడు సీనియర్. అందుకని మూడు దారులు. చెప్పగలిగితే నేరుగా చెప్పు. లేకపోతే చెప్పగలిగినవాళ్ళను పిలువు. అదీ కాకపోతే ధ్యాస మళ్ళించు. మన హాస్టల్ మెట్ల దగ్గర ఒకమ్మాయిని సీనియర్ అడ్డగించి వదలకుండా మాట్లాడుతున్నాడనుకుందాం. “అక్కా, మీ రికార్డు మా ల్యాబ్‌లో మర్చిపోయారు, మేడమ్ రమ్మంటున్నారు” అని ఒక జూనియర్ వచ్చి అంటే చాలు. ఎవరి మీదా నింద లేదు, గొడవ లేదు, ఆమె అక్కణ్ణుంచి కదులుతుంది. వీరత్వం కావాల్సిన చోట చిన్న అబద్ధం సరిపోవడమే ఈ కథలో అసలు ఆవిష్కరణ.

విచిత్రం ఏమిటంటే, సరిగ్గా ఈ ఉపాయం 2008లో మన దేశంలో టీవీ ప్రకటనగా వచ్చింది. బ్రేక్‌త్రూ సంస్థ చేసిన ‘బెల్ బజావో’లో, పక్కింట్లో భార్యను కొడుతున్న చప్పుడు విని కుర్రాళ్ళు వెళ్ళి కాలింగ్ బెల్ నొక్కుతారు. తలుపు తీస్తే బంతి అడుగుతారు. ఇంకో ప్రకటనలో ఒకాయన పాలు కావాలంటాడు. ఎందుకొచ్చాడో కొట్టినవాడికి అర్థమవుతుంది, కాని తగాదా పెట్టుకోవడానికి సందు దొరకదు. దీనికి 2010లో కాన్ ప్రకటనల ఉత్సవంలో సిల్వర్ లయన్ వచ్చింది.

అమెరికాలో 2013 నాటికి ఇది చట్టంలోకెక్కింది. కేంద్ర ప్రభుత్వ విద్యార్థి సాయం తీసుకునే కాలేజీలు కొత్త విద్యార్థులకు, ఉద్యోగులకు పక్కనున్నవాళ్ళు సురక్షితంగా ఏం చెయ్యొచ్చో చెప్పి తీరాలి. 2015 జనవరిలో స్టాన్‌ఫర్డ్ ఆవరణలో సైకిళ్ళ మీద వెళ్తున్న ఇద్దరు స్వీడన్ విద్యార్థులు, స్పృహ లేని అమ్మాయి మీద ఉన్నవాణ్ణి చూసి ఆగారు, పారిపోబోతే వెంటాడి పోలీసులొచ్చేదాకా పట్టుకున్నారు. దేశమంతా వాళ్ళను మెచ్చుకుంది. మెచ్చుకోవాల్సిందే, కాని అలాంటి ఘట్టాలు ఈ పాఠాన్ని కొంచెం చెడగొడతాయని కూడా నాకనిపిస్తుంది. పరుగెత్తి పట్టుకోవడమే సాయమనుకుంటే, పాలు అడిగేవాడు తనను లెక్కలోకి తీసుకోడు.

ఇక సందేహాలు. ఈ కార్యక్రమాల మీద వచ్చిన అధ్యయనాలన్నీ కూడగట్టి 2019లో హీథర్ కెట్రీ బృందం సమీక్షించింది. విద్యార్థులు కలగజేసుకోవడం పెరిగిందన్నది నిజమే. కాని పాఠం విన్నవాళ్ళలో దాడులకు పాల్పడటం తగ్గిందనడానికి ఆధారం దొరకలేదు. కెంటకీలోని 26 హైస్కూళ్ళలో ఆన్ కోకర్ బృందం గ్రీన్ డాట్ మీద ఏళ్ళ తరబడి చేసిన పరీక్షలో మాత్రం హింస తగ్గిందని 2017లో తేలింది. అంటే ఒక గంట ఉపన్యాసం, ఒక పోస్టరు చాలవని అర్థం చేసుకోవాలి. మరోవైపు, మూల సిద్ధాంతానికే ఒక సవరణ వచ్చింది. ఆమ్‌స్టర్‌డామ్, లాంకస్టర్, కేప్‌టౌన్ నగరాల్లో వీధి కెమెరాలకు చిక్కిన 219 గొడవలను రిచర్డ్ ఫిల్పాట్ బృందం చూస్తే, పదింటిలో తొమ్మిదింటిలో ఎవరో ఒకరు కలగజేసుకున్నారు. జనం ఎక్కువైనకొద్దీ సాయం దొరికే అవకాశం పెరిగింది. గదిలో మొహాలు చూసుకుంటూ ఆగిపోయే మనుషులు, వీధిలో గొడవ కళ్ళకు కట్టినట్టు ఉంటే కదులుతున్నారన్నమాట. క్యాంపస్‌లో వేధింపు అలా కళ్ళకు కట్టదు. నవ్వులాటలా మొదలవుతుంది, నవ్వేవాళ్ళ మధ్య నవ్వనివాడికి తానొక్కడే అనిపిస్తుంది. పొగ గది అక్కడే ఉంది.

మన దగ్గర లైంగిక వేధింపులపై సుప్రీంకోర్టు ఇచ్చిన 1997 విశాఖ తీర్పు, 2013 చట్టం, 2015 యూజీసీ నిబంధనలు కలిసి ప్రతి విశ్వవిద్యాలయంలో అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలన్నాయి. బాధితురాలు శారీరకంగానో మానసికంగానో ఫిర్యాదు చెయ్యలేని స్థితిలో ఉంటే తోటి విద్యార్థి చెయ్యొచ్చని కూడా ఆ నిబంధనల్లో ఉంది. తెలంగాణలో 2014 అక్టోబరు నుంచి పోలీసుల షీ టీమ్స్ మఫ్టీలో తిరుగుతున్నాయి. ఇవన్నీ అవసరమే. నా పేచీ ఒక్కటే. నోటీసు బోర్డు మీద కమిటీ సభ్యుల పేర్లు, ఫోను నంబర్లు ఉంటాయి. మూడు నెలల్లోగా ఫిర్యాదు చెయ్యాలని ఉంటుంది. మెస్ బల్ల దగ్గర ఒకడు క్లాస్‌మేట్ ఫోటో చూపించి కూత కూసినప్పుడు ఎదురుగా కూర్చున్నవాడు ఏమనాలో ఎక్కడా ఉండదు.

కెంటకీలో గ్రీన్ డాట్ శిక్షణ అందరికీ ఒకేసారి ఇవ్వలేదు. మిగతావాళ్ళు ఎవరిని చూసి నడుచుకుంటారో ఆ విద్యార్థులను వెతికి ముందు వాళ్ళకు నేర్పారు. మన క్యాంపస్‌లలో ఆ జాబితా రాయడం కష్టం కాదు. ఫ్రెషర్స్ పార్టీ నడిపే ఫైనలియర్ వాళ్ళు, ఫెస్ట్ కమిటీ, విద్యార్థి సంఘాల నాయకులు, క్రికెట్ జట్టు కెప్టెన్, హాస్టల్లో రాత్రి పన్నెండుకి ఎవరి గదిలో అందరూ చేరతారో ఆ గదివాడు.