శాకాహారంలో సంపూర్ణ ప్రోటీన్‌: లోటు ఎక్కడ, భర్తీ ఎలా?

శాకాహారంలో సంపూర్ణ ప్రోటీన్‌ లభించదన్న అభిప్రాయం బలంగా ఉంది. బియ్యాన్నో, పప్పునో విడిగా పరిశీలిస్తే అందులో కొంత నిజం లేకపోలేదు. అయితే శరీరానికి అందేది రోజంతా తిన్న ఆహార సారం. ధాన్యంలో కొరవడినది పప్పులోనూ, పప్పులో కొరవడినది ధాన్యంలోనూ ఉంటుంది. కాబట్టి చూడవలసింది ఆ రెండింటి పాళ్లనే.

సంపూర్ణం అంటే ఏమిటి?

మానవ శరీరంలోని ప్రోటీన్లు 20 రకాల ఎమైనో ఆమ్లాలతో నిర్మితమవుతాయి. వీటిలో హిస్టిడిన్‌, ఐసోల్యూసిన్‌, ల్యూసిన్‌, లైసిన్‌, మిథియోనిన్‌, ఫినైల్‌ఎలనిన్‌, థ్రియోనిన్‌, ట్రిప్టోఫాన్‌, వాలిన్‌ అనే తొమ్మిదింటిని ఆహారం నుంచే పొందాలి. ఈ తొమ్మిదీ తగిన పాళ్లలో ఉన్న ప్రోటీన్‌ను సంపూర్ణమైనదిగా పరిగణిస్తారు. సాధారణంగా ధాన్యాల్లో, పప్పుల్లో ఇవన్నీ ఉంటాయి. ఏదో ఒకటి మాత్రం అవసరం కన్నా తక్కువ. ఆ ఒక్కటి ఎంత మేరకు ఉంటే, మిగిలినవి కూడా ప్రోటీన్‌ నిర్మాణానికి అంత మేరకే ఉపయోగపడతాయి.

ధాన్యానికి పప్పు తోడు

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ప్రచురించిన ప్రమాణాల ప్రకారం, పెద్దలు తీసుకునే ప్రతి గ్రాము ప్రోటీన్‌లో 45 మిల్లీగ్రాముల లైసిన్‌ ఉండాలి. బియ్యంలో ఇది 40 కన్నా తక్కువ, గోధుమలో 30 కన్నా తక్కువ. కంది, పెసర, శనగ పప్పుల్లో 60కి పైగా ఉంటుంది. పప్పుల్లో తక్కువగా ఉండే మిథియోనిన్‌ను బియ్యం, నువ్వులు సమకూరుస్తాయి.

పప్పన్నం, పొంగలి, ఇడ్లీ, ఉత్తరాది రాజ్మా-చావల్‌, మెక్సికోలో మొక్కజొన్న రొట్టెతో తినే చిక్కుడు గింజలు ఈ కోవలోనివే. సోయాచిక్కుడు మాత్రం ఒంటరిగానే సంపూర్ణ ప్రోటీన్‌కు చేరువగా ఉంటుంది.

ఒకే పూట తినాలా?

అమెరికా రచయిత్రి ఫ్రాన్సిస్‌ మూర్‌ లాపే 1971లో వెలువరించిన పుస్తకం వల్ల, ఇలాంటి పదార్థాలను ఒకే భోజనంలో కలిపి తినాలన్న భావన ప్రచారంలోకి వచ్చింది. 1981 నాటి కూర్పులో ఆమే దానిని సవరించుకున్నారు. శరీరంలో ఎమైనో ఆమ్లాల నిల్వ కొంత ఎప్పుడూ అందుబాటులో ఉంటుంది. అందువల్ల ఉదయం పెసరట్టు, రాత్రి అన్నం తిన్నా ప్రయోజనం నెరవేరుతుంది.

లెక్క ఇలా

భారత వైద్య పరిశోధన మండలి 2020 సిఫారసుల ప్రకారం, పెద్దలకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్‌ అవసరం. అంటే 60 కిలోల వ్యక్తికి సుమారు 50 గ్రాములు. లైసిన్‌ అవసరం దాదాపు 1.8 గ్రాములు. ఆ వ్యక్తి 400 గ్రాముల బియ్యం వండుకుని చారుతో, పచ్చడితో సరిపెట్టుకుంటే కడుపు నిండుతుంది గాని, బియ్యం నుంచి అందే లైసిన్‌ సుమారు 1.2 గ్రాములే. దానికి 50 గ్రాముల కందిపప్పు చేరితే ఆ లోటు దాదాపు తీరుతుంది. శాకాహార ప్రోటీన్‌ పూర్తిగా జీర్ణం కాదు కనుక పప్పు ఇంకాస్త ఎక్కువగా ఉండటం మేలు. పలుచని పప్పుచారు ఒక గరిటెడు వడ్డించుకుంటే సరిపోదు.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో 2,000 కిలో కేలరీల ఆహారానికి 250 గ్రాముల ధాన్యాలు, 85 గ్రాముల పప్పులు, 35 గ్రాముల గింజలు, 300 మిల్లీలీటర్ల పాలు లేదా పెరుగు సూచించారు. ధాన్యంగా బియ్యం, గింజలుగా వేరుసెనగ తీసుకుంటే పాలు లేకుండానే సుమారు 47 గ్రాముల ప్రోటీన్‌ లభిస్తుంది. పాలు తీసుకోనివారు 30 గ్రాముల సోయాచిక్కుడు చేర్చుకుంటే మరో 10 గ్రాములు అందుతాయి. కండ పెంచుకోవడానికి ప్రోటీన్‌ పొడులను ఆశ్రయించవద్దని కూడా ఈ మార్గదర్శకాలు సూచించాయి.

గమనించవలసినవి

పప్పుధాన్యాలను నానబెట్టడం, మొలకెత్తించడం, పులియబెట్టడం, బాగా ఉడికించడం వల్ల వాటిలోని ప్రోటీన్‌ సులభంగా జీర్ణమవుతుంది. మొత్తం ఆహారమే చాలకపోతే శరీరం ప్రోటీన్‌ను కూడా శక్తి కోసం ఖర్చు చేస్తుంది. పాలు సైతం మానినవారికి విటమిన్‌ బి12 విడిగా అవసరం. ఎదిగే పిల్లలు, గర్భిణులు, పాలిచ్చే తల్లుల అవసరాలు వేరు. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు ప్రోటీన్‌ మోతాదును వైద్యుని సలహా మేరకే నిర్ణయించుకోవాలి.