స్థానబలిమి: అమీర్‌పేట చెట్లు, ఉడుతలు

అమీర్‌పేట, పంజాగుట్ట ప్రాంతాలలో ఏ నలుగురు గృహస్థులు కలిసినా ఈ మధ్య చెట్ల బెడద ప్రస్తావనకు రాక మానదు. కొమ్మలు కిటికీలలోనికి చొచ్చుకొని వస్తున్నవి. వేళ్ళు మురుగు గొట్టాలలో దూరుతున్నవి. ప్రహరీలు బీటలు వారుతున్నవి. పిట్టగోడ సందున రావిమొక్క మొలిచినది. ఉడుతలు ఇంటర్నెట్ తీగలను కొరికివేస్తున్నవి. ఇన్నింటికీ అందరి నోట వచ్చే పరిష్కారం ఒక్కటే: కొట్టించివేయడం. తీర్పు చెప్పబోయే ముందు నిందితుని పూర్వోత్తరాలు విచారించడం న్యాయం కదా! ఈ చెట్లు మన ఇంటి దాపునకు ఎట్లు వచ్చినవో కొంచెం వెనుకకు వెళ్ళి చూద్దాము.

ఇంటికీ చెట్టుకూ తగవు నిన్న మొన్నటిది కాదు. క్రీ.శ. 6వ శతాబ్దికి చెందిన వరాహమిహిరుడు బృహత్సంహితలోని వాస్తువిద్యాధ్యాయంలో ఈ సంగతి ఎత్తుకొన్నాడు. ఇంటి చేరువలో ముళ్ళచెట్లుంటే శత్రుభయమనీ, పాలుగారే చెట్లుంటే ధననష్టమనీ చెప్పినాడు. పాలుగారే చెట్లనగా మర్రి, రావి, మేడి, జువ్వి వంటివి. గోడలను చీల్చే వేళ్ళు వీటివే. ధననష్టమన్న మాటను శకునంగా తీసికొననక్కరలేదు. ప్రహరీ మళ్ళీ కట్టించుకొన్నవారికి దాని అర్థం తాపీమేస్త్రి లెక్కలోనే కనబడుతుంది.

అయితే ఆయన చెప్పిన విరుగుడు ఇంకా గమనింపదగినది. ఆ చెట్లను నరకకపోయేటట్లయితే, వాటికీ ఇంటికీ నడుమ మంచి చెట్లను నాటుమన్నాడు. పున్నాగ, అశోకం, అరిష్టం, పొగడ, పనస, జమ్మి, సాలము అని పేర్లు కూడా ఇచ్చినాడు. అరిష్టమనగా ఇక్కడ వేప అని చెప్పుదురు; కుంకుడుకూ ఆ పేరున్నది. ఆ గ్రంథంలోనే వృక్షాయుర్వేదాధ్యాయంలో చెట్టుకూ చెట్టుకూ నడుమ ఉండవలసిన ఎడమును నిర్ణయించినాడు. ఇరువది హస్తాలు ఉత్తమం, పదునారు మధ్యమం, పన్నెండు కనీసం. హస్తమును అడుగున్నరగా లెక్కిస్తే అవి 30, 24, 18 అడుగులు. దగ్గర దగ్గరగా పెరిగి, వేళ్ళు పెనవేసుకొన్న చెట్లు పీడ చెంది సరిగా కాపు కాయవని హెచ్చరించినాడు కూడా.

అంతకు పూర్వమే కౌటిల్యుడు అర్థశాస్త్రంలో నగరోపవనాలలోని పూలచెట్లను, పండ్లచెట్లను, నీడచెట్లను నరికినవారికి దండనలు విధించినాడు. చిగురు త్రుంచితే 6 పణాలు, చిన్నకొమ్మకు 12, పెద్దకొమ్మకు 24. మానుపై వేటు వేస్తే ప్రథమ సాహస దండం, చెట్టునే కూల్చితే మధ్యమ సాహస దండం. ఎల్లలలోని చెట్లకూ, చైత్యవృక్షాలకూ ఇవి రెట్టింపు. ఇందులో నాకు నచ్చినది తారతమ్య వివేకం. చిగురుకూ కొమ్మకూ మానుకూ భేదం పాటించడం. మన కాలనీల వారికి ఆ మెట్లు లేవు. తీగకు కొమ్మ తగిలినదన్నా, ఆకు రాలినదన్నా చెప్పే శిక్ష మొదలంట నరకడమే.

ఇప్పుడు మన పేటకు వద్దాము. పంజాగుట్టకూ ఖైరతాబాదుకూ నడుమనున్న ఇరం మంజిల్‌ను నవాబు ఫఖ్రుల్ ముల్క్ కట్టించినాడు. ఇరం అనగా పారశీక సాహిత్యంలో స్వర్గాన్ని తలపించే కల్పిత ఉద్యానం. మన నోట అది ఎర్రమంజిల్ అయినది. దాపుననే చింతల్‌బస్తీ ఉన్నది. ఆ పేరు వినగానే తెలుగు చెవికి చింతలే తోస్తవి. అమీర్‌పేట కూడలిలో కోచింగు కేంద్రాల ప్రకటనలతో నిండిన బహుళ అంతస్తుల భవనానికి మైత్రీవనమని పేరు. తోట, చింత, వనం మూడూ పేర్లలో ఉన్నవి. నేల మీద వెదకి చూడవలసినదే.

1956లో హైదరాబాదు ఆంధ్రప్రదేశ్‌కు రాజధాని అయిన పిమ్మట ఈ పడమటి దిక్కున కాలనీలు వృద్ధి చెందినవి. అప్పటి ఇంటికి నలువైపులా దొడ్డి ఉండేది. పెరట్లో వేప, మామిడి, జామ. ముంగిట మడగాస్కరు ద్వీపం నుండి వచ్చిన తురాయి. వరాహమిహిరుని ముప్పది అడుగులు కాకపోయినా ఆయన కనీసం చెప్పిన పద్దెనిమిదికి చోటుండేది. తరువాత అదే స్థలంలో ఒక కుటుంబానికి బదులు పది, ఇరువది కుటుంబాలు నివసించే అపార్ట్‌మెంట్లు లేచినవి. గోడ చెట్టు దగ్గరకు జరిగినది; చెట్టు మాత్రం పూర్వమున్నచోటనే ఉన్నది. కనుక చెట్టు ఇంటిమీదికి వచ్చినదని వ్రాసే ప్రతి ఫిర్యాదులోనూ కర్త ఎవరో, కర్మ ఏదో ఒకసారి సరిచూసుకోవడం మంచిది.

ఇది సగం కథ. మిగిలిన సగం తొందరపాటుది. 1877లో జమైకా నుండి విత్తనాలు తెప్పించి కడప జిల్లా కమలాపురంలో ఒక ముళ్ళచెట్టును నాటించినారు. వంటచెరకు కొరత తీరునని ఆశ. అది పొలాలను, చెరువుగట్లను ఆక్రమించినది. ఎవరు నాటించినారో మరవకుండా జనం దానికి సర్కారు తుమ్మ అని పేరు పెట్టినారు. శాసనాలలో దొరకని చరిత్ర ఒక్కొక్కప్పుడు ఇట్లు నామవాచకంలో దొరుకుతుంది.

సుమారు నూట నలువది ఏండ్లకు అదే పాఠం మళ్ళీ వల్లె వేసినాము. 2015లో తెలంగాణలో హరితహారం ఆరంభమైనది. సంకల్పం మంచిదే. కానీ త్వరగా పెరగాలి, ఎల్లప్పుడూ పచ్చగా ఉండాలి, పశువులు ముట్టరాదు, పోషణ అక్కరలేదు అన్న కోరికలన్నింటికీ సరిపోయిందని ఎన్నో చోట్ల రోడ్ల పక్కన కోనోకార్పస్‌ను నాటినారు. ఎర్రసముద్ర తీరాల ఎడారి నేలలలో నీటిని వెదకి బ్రతికే జాతి అది. ఎడారిలో ఏ వేరు దానికి ప్రాణరక్షణమో, నగరంలో ఆ వేరే గొట్టాలకు గండమైనది. కువైటు వంటి దేశాలకు ఈ అనుభవం ముందే ఉన్నది. పుప్పొడి వలన ఉబ్బసం వస్తుందన్న వాదంపై శాస్త్రజ్ఞులలో భేదాభిప్రాయాలున్నవి; వేళ్ళ సంగతి మాత్రం త్రవ్విచూసినవారికి తెలిసినదే. 2022లో ప్రభుత్వం ఈ మొక్కను నాటడం ఆపవలసిందిగా ఆదేశించినది. అప్పటికి నాటినవి నాటినట్లే నిలిచి ఉన్నవి.

ఇక ఉడుత. మన జాతి దానిని ఎంత ప్రేమించినదో 'ఉడుతా భక్తి' అన్న పలుకుబడే సాక్ష్యం. సేతుబంధనంలో ఉడుత సాయపడిన కథ వాల్మీకంలో లేదు. 13వ శతాబ్దికి చెందినదిగా చెప్పే మన రంగనాథ రామాయణంలో ఉన్నది. రాముడు నిమిరితే వీపున చారలు పడినవన్నారు. ఆ భక్తురాలే నేడు ఏసీ పెట్టెలో గూడు కట్టి, తీగ కొరికితే మనకు కంటకమైనది. దాని ముందుపళ్ళు బ్రతికినంత కాలం పెరుగుతూనే ఉంటవి. అరగదీసుకొనక తప్పదు. చెట్టు బెరడు కరవైనచోట తీగపై తొడుగు దొరికినది. 2017లో అమీర్‌పేట మీదుగా మెట్రో రైలు నడిచినది. ఆ పనులకై నగరంలో దారిపక్క చెట్లను కొన్నింటిని తొలగించినారు, కొన్నింటిని వేళ్ళతో పెకలించి వేరొకచోట నాటినారు. ఉడుతకు కొమ్మ నుండి కొమ్మకు వేసిన బాట తెగినది; కేబుల్ తీగయే దానికి రాజమార్గం.

విశేషమేమనగా, మన అయిదుచారల ఉడుత 1898లో ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరపు జంతుప్రదర్శనశాల నుండి బయటపడి అక్కడ ఉపద్రవ జంతువుల పట్టికకు ఎక్కినది. కోనోకార్పస్ ఇక్కడ ఎట్లో, మన ఉడుత అక్కడ అట్లు. మనవారు స్థానబలిమి అని ఒక మాట అన్నారు. మొసలికి నీరు, ఏనుగుకు నేల అని పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు దానిని బలానికి మాత్రమే అన్వయించి చెప్పేవాడను. ఉపద్రవానికీ అది వర్తిస్తుందని ఈ చెట్ల చరిత్ర చూసిన మీదట అనిపిస్తున్నది. ఉపద్రవం జాతి స్వభావంలో కంటె దానిని మనం ఉంచిన చోటులో ఎక్కువగా ఉన్నది.

గత సంవత్సరం మా అపార్ట్‌మెంటు సంఘంలో ఇదే వివాదం వచ్చినది. భవనం కంటె వయసులో పెద్దదైన వేప ఒకటి మూడవ అంతస్తు వసారాను తాకుతున్నది. మూడిళ్ళ తీగలు తెగినవి. నరికించాలని పదునొకండు మంది, వద్దని నలుగురు. ఆ నలుగురిలో నేనొకడను. శ్లోకాలు చదివి ఒప్పించినానని చెప్పుకొంటే అబద్ధమవుతుంది. 2002 నాటి జల, భూమి, వృక్ష సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేక చెట్టు నరకరాదని ఒక యువకుడు చదివి వినిపించిన తరువాతనే మిగిలినవారు ఆలోచనలో పడినారు. అప్పుడు కౌటిల్యుని మెట్లు పనికివచ్చినవి. మానును విడిచి, గోడవైపు కొమ్మలను మాత్రం ఏడెనిమిది అడుగుల ఎడం వచ్చేటట్లు, అనుమతితో తీయించినాము. తీగలను ఇనుప గొట్టంలో నడిపించినాము. ఏసీ వెనుక రంధ్రానికి జాలీ బిగించే పని మాత్రం రెండున్నర నెలలు ఆపినాము; గూట్లో పిల్లలున్నవి. ఉడుత పిల్లలు తల్లిపాలు విడవడానికి పది వారాలు పడుతుంది. ఈ ఏడు తెగిన తీగ ఒక్కటే.

ప్రతి చెట్టునూ నిలిపి తీరవలసిందేనని నా వాదం కాదు. మొదలు పుచ్చి వీధివైపు ఒరిగిన తురాయిని గాలివానకు ముందే తీయించకపోతే మనుష్యుల ప్రాణాలు పోతవి. పిట్టగోడలోని రావిని రెండాకుల నాడే పెకలించి కుండీలోనికో, గుడి ఆవరణకో చేర్చితే పాపభీతి ఉండదు, గోడా నిలుస్తుంది. మొక్కై వంగనిది మానై వంగునా అన్నది పిల్లల గురించే కాదు, పిట్టగోడ రావి గురించి కూడా. తీసిన ప్రతిచోట, గోడకు తగిన దూరాన, ఒక పొగడనో పున్నాగనో నాటితే వరాహమిహిరుని మాట చెల్లించినవారమవుతాము.

మా పేటలో చెట్లు పేర్లలో మిగిలినవి. మీ మీ ఊళ్ళలో చెట్టు పేరుతో వెలసిన వీధులు, బస్తీలు ఉంటే, ఆ చెట్టు ఇంకా ఉన్నదో లేదో చూసి, వ్యాఖ్యలలో వ్రాయవలసిందిగా మిత్రులకు మనవి. అన్నింటినీ ఒక పట్టికగా కూర్చవలెనని నా కోరిక.