ఎన్నికల ప్రచారంలో జనరేటివ్ ఏఐ (భారతదేశం)

రాజకీయ పార్టీలు, అభ్యర్థులు, వారి మద్దతుదారులు కృత్రిమ మేధతో సృష్టించిన ప్రసంగాలు, వీడియోలు, చిత్రాలు, ఫోన్ సందేశాలతో ఓటర్లను చేరుకునే ప్రచార పద్ధతి ఇది. భారతదేశంలో 2020 ఢిల్లీ శాసనసభ ఎన్నికలప్పుడు ఇది చర్చకు వచ్చింది. 2024 లోక్‌సభ ఎన్నికల నాటికి విస్తృతంగా వాడుకలోకి వచ్చింది.

తయారీ విధానం

నాయకుడి పాత ప్రసంగాల రికార్డింగులను విశ్లేషించి, ఆయన గొంతును పోలిన స్వరాన్ని సాఫ్ట్‌వేర్ తయారు చేస్తుంది. కొత్త మాటలకు తగ్గట్టు వీడియోలోని పెదవుల కదలికను మరో సాఫ్ట్‌వేర్ మారుస్తుంది. ఓటరు పేరును సందేశంలో చేర్చి, అభ్యర్థే స్వయంగా పలకరిస్తున్నట్టు వినిపించే ఫోన్ కాల్స్‌ను కూడా ఇలాగే తయారు చేస్తారు.

వినియోగం

2020 ఫిబ్రవరిలో ఢిల్లీ బీజేపీ అధ్యక్షుడు మనోజ్ తివారీ హిందీలో మాట్లాడిన వీడియోను ఇంగ్లిష్, హర్యాణ్వీ భాషల్లోకి మార్చి వాట్సాప్ గ్రూపుల్లో పంపారు. 2024 లోక్‌సభ ఎన్నికల ముందు ప్రధాని నరేంద్ర మోదీ ప్రసంగాలను ఏఐ సాయంతో తెలుగు సహా పలు భాషల్లో వినిపించే ఎక్స్ ఖాతాలు మొదలయ్యాయి. 2018లో మరణించిన డీఎంకే నేత ఎం. కరుణానిధి 2024 జనవరిలో ఒక పుస్తకావిష్కరణ సభలో ఏఐ వీడియో రూపంలో ప్రసంగించారు.

వివాదాలు

2024 ఏప్రిల్‌లో సినీ నటులు ఆమిర్ ఖాన్, రణ్‌వీర్ సింగ్ కాంగ్రెస్‌కు మద్దతు పలికినట్టు నకిలీ వీడియోలు వ్యాపించాయి. ఇద్దరూ పోలీసులకు ఫిర్యాదు చేశారు. తివారీ వీడియోకు వాడిన సాంకేతికత, ఈ నకిలీ వీడియోల సాంకేతికత ఒకే కోవలోవి. తేడా రెండు విషయాల్లో ఉంటుంది: ఆ ముఖం, గొంతు ఎవరివో వారి సమ్మతి ఉందా? అది ఏఐ సృష్టి అని ఓటరుకు చెప్పారా? తివారీ వీడియో ఏఐ సృష్టి అని చూసినవారికి చెప్పలేదు. మరణించిన నేతల విషయంలో మొదటి ప్రశ్నకు సమాధానం చెప్పగల మనిషే ఉండరు.

నియంత్రణ

నకిలీ ప్రచార సామగ్రి తమ దృష్టికి వచ్చిన 3 గంటల్లోగా తొలగించాలని 2024 మేలో ఎన్నికల సంఘం పార్టీలను ఆదేశించింది. ఏఐతో తయారైనవాటిపై ఆ విషయం స్పష్టంగా రాయాలని 2025 జనవరిలో సూచించింది. బిహార్ శాసనసభ ఎన్నికలకు ముందు, 2025 అక్టోబరులో, ఆ సూచిక తెరపై కనీసం 10 శాతం భాగంలో కనిపించాలని, ఆడియోలో మొదటి 10 శాతం వ్యవధిలో వినిపించాలని నిర్దేశించింది. తయారు చేసినవారి వివరాలను పార్టీలు భద్రపరచాలని కూడా చెప్పింది.

ఈ ఆదేశాలు పార్టీల అధికారిక ఖాతాలను కట్టడి చేయగలవు. కానీ వాట్సాప్‌లో చేతులు మారే వీడియోకు మూలం పట్టుకోవడం కష్టం. పైగా పోలింగ్ ముందురోజు వచ్చిన అబద్ధాన్ని 3 గంటల్లో తొలగించినా, అప్పటికే చూసిన ఓటరుకు నిజం చేరుతుందన్న హామీ లేదు. అందుకే తొలగింపుతో పాటు, నిజాన్ని అంతే వేగంగా ఓటరు భాషలో చేరవేసే ఏర్పాటూ అవసరం.