సంకేతం
చేపల మీద ఒక వ్యాసంలో ‘పెరుగుదల కారకాల సంకేతాలు’ అని చదివాను. సంకేతమంటే సిగ్నల్, ఉత్త గుర్తు అన్నట్టు వాడేస్తున్నాం. ఈ సంస్కృతపదంలో ‘సమ్’ అంటే కలిసి, ‘కేతం’ అంటే ఉద్దేశం. జెండాకు చెప్పే కేతనం దీని చుట్టమే. పాత అర్థం ముందే కుదిరిన ఒప్పందం. కావ్యాల్లో అభిసారిక చేరేది సంకేతస్థలానికే. పాస్‌వర్డ్‌ను సంకేతపదం అనడంలో ఆ అర్థం ఇంకా బతికుంది. జీవశాస్త్రానికీ ఈ ఒప్పందమనే అర్థమే నప్పుతుందని నా నమ్మకం. జీబ్రాచేప పిండంలో చెవి వెనకనుంచి తోకదాకా వందకు పైగా కణాల గుంపు జరిగిపోతుంది. ముందువరస కణాలు ఎఫ్‌జీఎఫ్ అనే పెరుగుదల కారక ప్రొటీన్‌ను వదులుతాయి. దానికి తగిన గ్రాహకమున్న వెనక కణాలు స్పందించి, పూరేకుల్లా గుమిగూడి, నీటి కదలికను పసిగట్టే అవయవాలవుతాయి. ఎఫ్‌జీఎఫ్‌ను అడ్డుకుంటే ఆ గుత్తులు కట్టవు.