1,180 అడుగుల లోతున

పర్షియా నైరుతి కొండల్లో నేలలోంచి చమురు ఊరుతుందని అక్కడివాళ్లకు వేల ఏళ్లుగా తెలుసు. ఆ జిగట మడ్డితో పడవల సందులు పూడ్చుకున్నారు, ఇటుకలు అతికించుకున్నారు. తెలియనిదల్లా ఆ ఊటల కింద ఎంత ఉందన్నది, ఎక్కడ తవ్వితే అందుతుందన్నది. 1892లో జాక్ ద మోర్గాన్ అనే ఫ్రెంచి పురావస్తు శాస్త్రజ్ఞుడు ఈ ఊటల గురించి ఒక వ్యాసం రాశాడు. పర్షియా సుంకాల శాఖలో పెద్ద పదవి చేసిన కితాబ్జీ ఖాన్, పెట్టుబడి పెట్టే షావుకారు కోసం యూరప్‌లో వెతకడం మొదలుపెట్టాడు. ఆ షావుకారు చివరికి లండన్‌లో దొరికాడు.

ఆయన పేరు విలియం నాక్స్ డార్సీ. ఆస్ట్రేలియాలో మౌంట్ మోర్గాన్ బంగారు గని ఆయన్ని కోటీశ్వరుణ్ణి చేసింది. పర్షియాలో మాత్రం బతికినన్నాళ్లూ కాలు పెట్టలేదు. ఆయన తరఫు మనిషి టెహ్రాన్ వెళ్లి బేరం నడిపాడు. ఎప్పుడూ డబ్బుకు కటకటపడే షా ముజఫ్ఫరుద్దీన్ 1901 మే 28న సంతకం చేశాడు. 60 ఏళ్లపాటు దాదాపు 4,80,000 చదరపు మైళ్ల నేల కింద ఏ చమురు దొరికినా తీసుకునే హక్కు డార్సీది. బదులుగా షాకు దక్కేది 20,000 పౌండ్ల రొక్కం, అంతే విలువ చేసే వాటాలు, ఏటా నికర లాభంలో 16 శాతం. ఉత్తరాన ఉన్న ఐదు రాష్ట్రాలను ఒప్పందంలో కలపలేదు. రష్యాకు కోపం వస్తుందన్న భయమే అందుకు కారణం. దేశం షాది, గీత గీసింది మాత్రం పక్కవాళ్ల భయం.

తవ్వే బాధ్యత జార్జ్ బెర్నార్డ్ రేనాల్డ్స్ మీద పడింది. ఇండియాలో ప్రజాపనుల శాఖలో పనిచేసి, సుమత్రాలో చమురు తవ్వకం చూసినవాడు. వయసు యాభైకి దగ్గరపడింది. మితభాషి, మొండివాడు. 1902 చివర ఒట్టొమన్ సరిహద్దు పక్కన చియా సుర్ఖ్ అనే చోట మొదటి బోరు వేశాడు. యంత్రాలు బస్రా రేవులో దిగి, టైగ్రిస్ నది మీద బాగ్దాద్ చేరి, అక్కడి నుంచి కంచరగాడిదల వీపుల మీద కొండలెక్కాలి. నీడలోనే ప్రాణం పోయే ఎండ, ఇనుము విరిగితే నెలలపాటు ఎదురుచూపు. 1904 జనవరిలో చమురు పడింది. లండన్‌లో సంబరాలు చేసుకున్నారు. మే నాటికి ఆ బోరు ఎండిపోయింది.

అప్పటికే డార్సీ రెండు లక్షల పౌండ్లకు పైగా పోశాడు. బ్యాంకు వాళ్లు అప్పుకు హామీగా బంగారు గని వాటాలు అడిగారు. బోరు ఎండితే అప్పు చేసి ఇంకో బోరు వేసే రాయలసీమ రైతుకూ ఈ కోటీశ్వరుడికీ ఆ ఏడు పెద్ద తేడా లేదు. ఆయన ఫ్రెంచి రోత్‌షీల్డుల తలుపు తట్టాడు. బ్రిటిష్ నౌకాదళం ఉలిక్కిపడింది. యుద్ధనౌకలు బొగ్గు వదిలి చమురుతో నడిచే రోజు వస్తుందని అడ్మిరల్ ఫిషర్ ఏనాటి నుంచో పోరుతున్నాడు. పర్షియా హక్కు విదేశీయుల చేతికి పోకూడదని వాళ్లు బర్మా ఆయిల్ కంపెనీని ముందుకు నెట్టారు. 1905లో ఒప్పందం కుదిరింది. బర్మా ఆయిల్ గ్లాస్గో షావుకార్ల కంపెనీ, దాని సంపాదన బర్మా నేలది, దాని శుద్ధి కర్మాగారం రంగూన్ పక్కన. మన కోస్తా నుంచి వేల మంది కూలీలు ఓడలెక్కి రేవుల్లో, బియ్యం మిల్లుల్లో పనికి వెళ్లిన ఆ రంగూనే.

రేనాల్డ్స్ యంత్రాలు విప్పి దక్షిణానికి కదిలాడు. అది బఖ్తియారీ తెగల కొండసీమ. టెహ్రాన్‌లో షా చేసిన సంతకం అక్కడ చెల్లదు. ఏటా 2,000 పౌండ్లు, చమురు పడితే కంపెనీలో 3 శాతం వాటా ఇస్తామంటేనే ఖాన్‌లు 1905లో తవ్వకానికి ఒప్పుకున్నారు. కాపలా వాళ్లదే. కాపలా కాసేవాళ్లే బెదిరించిన సందర్భాలూ లేకపోలేదు. షార్దిన్‌లో వేసిన రెండు బోర్లూ పొడిబారాయి. 1907 ఆగస్టులో బ్రిటన్, రష్యా కూర్చుని పర్షియాను పంచుకున్నాయి. ఉత్తరం రష్యా పలుకుబడి కిందికి, ఆగ్నేయం బ్రిటన్ కిందికి, మధ్యది ఎవరికీ కాకుండా. పర్షియాను ఎవరూ అడగలేదు. ఆ ఏడు చివర్లో తవ్వేవాళ్ల రక్షణకంటూ ఇండియా నుంచి ఇరవై మంది బెంగాల్ లాన్సర్లు వచ్చారు. వాళ్ల అధికారి ఆర్నల్డ్ విల్సన్, ఇరవై మూడేళ్ల కుర్రవాడు.

మిగిలింది ఒక్క చోటు, మస్జిదె సులేమాన్. పురాతన ఆలయపు అరుగు శిథిలాలు, పక్కనే చమురు ఊటలు. దారి లేదు, వేసుకున్న దారిని వానలు కొట్టుకుపోయాయి. 1908 జనవరిలో బోరు మొదలైంది. ఎండలు ముదిరాక, తొలిచే ఉలి మర ఊడి బోరు అడుగున పడిపోయింది. దాన్ని పైకి తీయడానికే రోజులు పట్టాయి. ఆ మధ్యలోనే గ్లాస్గోలో ఓపిక నశించింది. 1,600 అడుగుల దాకా తవ్వండి, చమురు లేకపోతే మూటాముల్లె సర్దుకుని రండి అంటూ మే 14న ఉత్తరం బయలుదేరింది. ఉత్తరం ఓడలో రావాలి. ఓడ రావాలంటే వారాలు. ఆ దూరమే ఆ బోరుకు రక్షగా నిలబడింది.

మే 26 తెల్లవారుజామున నాలుగింటికి, గుడారం బయట పడుకున్న విల్సన్ అరుపులు విని లేచాడు. 1,180 అడుగుల దగ్గర చమురు తగిలి, తవ్వకపు చట్రం మీదుగా యాభై అడుగుల ఎత్తుకు చిమ్ముతోంది. వెంట వచ్చిన వాయువు తవ్వేవాళ్లకు ఊపిరాడనివ్వలేదు. సంకేత పుస్తకం చేతిలో లేక విల్సన్, తన పై అధికారికి బైబిల్లో ఒక కీర్తన అంకె తంతి కొట్టాడు. భూమిలోంచి నూనె వచ్చే వాక్యం అది. కంపెనీ ఉత్తరం కొండలకు చేరేసరికి దాంతో పనిలేకుండా పోయింది.

ఆ ధార ఎగసిన నాలుగు వారాలకు, జూన్ 23న, కొత్త షా తరఫున, రష్యన్ అధికారి లియాఖోవ్ నడిపే కొసాక్ దళం టెహ్రాన్‌లో పార్లమెంటు మీద ఫిరంగులు పేల్చింది. మజ్లిస్ అనే ఆ పార్లమెంటు పుట్టి రెండేళ్లు కూడా నిండలేదు. మరుసటి ఏడు రాజ్యాంగవాదులతో కలిసి టెహ్రాన్ మీదికి నడిచి ఆ షాను దింపినవాళ్లలో బఖ్తియారీలు ఉన్నారు. కంపెనీ నుంచి సొమ్ము పుచ్చుకునే ఖాన్‌ల తెగే అది. వాళ్లను దేశద్రోహులనో దేశభక్తులనో ఒక్క మాటలో తేల్చేయాలని నాకనిపించదు.

1909 ఏప్రిల్‌లో ఆంగ్లో పర్షియన్ ఆయిల్ కంపెనీ పుట్టింది. అబదాన్ దీవికి గొట్టాలు వేశారు, రంగూన్‌లో పని నేర్చినవాళ్లను అక్కడికి రప్పించారు. 1911 నాటికి రేనాల్డ్స్ కొలువు పోయింది, చేతిలో వెయ్యి పౌండ్లు పెట్టి పంపేశారు. 1914లో చర్చిల్ మాట మీద బ్రిటిష్ పార్లమెంటు 22 లక్షల పౌండ్లకు ఓటేసింది. దాంతో ఒక ప్రభుత్వమే ఇంకో దేశపు నేల కింది చమురుకు పెద్ద వాటాదారైంది.

డార్సీ ఒప్పందం గడువు 1961లో ముగియాలి. అప్పుడు పర్షియాలోని కంపెనీ ఆస్తులన్నీ దేశానికే రావాలి. ఆ ఒప్పందాన్ని 1932లో రెజా షా కోపంతో రద్దు చేశాడు. మరుసటి ఏడు తానే కొత్త కాగితం మీద గడువును 1993 దాకా పొడిగించాడు. 1951లో ప్రధాని ముసద్దిక్ చమురును జాతీయం చేసినప్పుడు ఆయన తిప్పికొట్టింది ఈ రెండో కాగితాన్ని. 1953 ఆగస్టు 19న అమెరికా, బ్రిటన్ గూఢచారుల కుట్రతో ఆయన పదవి పోయింది. మరుసటి ఏడు చమురు కొత్త కూటమి చేతికి వెళ్లింది. అందులో పాత కంపెనీకి 40 శాతం, అమెరికా కంపెనీలకు 40 శాతం.