ముక్కు సూత్రం, దవడ కోణం

1901 జనాభా లెక్కలకి కమిషనర్‌గా పనిచేసిన హెర్బర్ట్ రిస్లీ చేతిలో ఒక సూత్రం ఉండేది. ముక్కు వెడల్పుని ముక్కు పొడవుతో భాగించి వందతో హెచ్చవేయాలి. 70 లోపు వస్తే సన్న ముక్కు, 85 దాటితే చప్పిడి ముక్కు, మధ్యలో వచ్చేవి మధ్యరకం. ఇంతవరకూ గొడవేం లేదు, ఇది కొలత మాత్రమే. గొడవ దాని తర్వాత అడుగులో ఉంది. ఒక కులం సమాజంలో ఎంత పైన ఉంటే దాని సగటు ముక్కు అంత సన్నగా ఉంటుందని రిస్లీ ప్రకటించాడు. 1891లో అచ్చయిన బెంగాల్ కులాల గ్రంథం వెనక దాదాపు 6000 మంది మొహాల కొలతలున్నాయి. పదేళ్ల తర్వాత అదే మనిషి జనాభా లెక్కల్లో కులాల్ని సామాజిక హోదా వరసలో పేర్చమన్నాడు. మా కులాన్ని ఇంకో మెట్టు పైన రాయండంటూ అర్జీలు వెల్లువెత్తాయి.

మన వైపు ఈ పని చేసింది ఎడ్గర్ థర్‌స్టన్. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్. 1909లో కె. రంగాచారితో కలిసి దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు తెచ్చాడు. కమ్మ, కాపు, మాల, మాదిగ అందరూ అక్షరక్రమంలో అందులో ఉన్నారు. కొలిచే పరికరాలు చూసి జనం ఎలా బెదిరిపోయేవాళ్లో థర్‌స్టనే సరదాగా రాసుకున్నాడు. తమలో చక్కగా ఉన్నవాళ్లని పట్టుకెళ్లి, గడ్డి కూరి మ్యూజియంలో నిలబెడతాడని వయనాడు పణియ స్త్రీలు భయపడ్డారట. ఆయనకి అది నవ్వులాట. చదివే మనకి మాత్రం ఆ ఆడవాళ్లు మరీ అంత పొరబడినట్టు అనిపించదు.

రిస్లీ సూత్రాన్ని కూల్చింది ఎవరు? రెండు రకాల వాళ్లు. మొదటి రకం అదే కొలబద్దని తీసుకుని ఎదురు తిప్పినవాళ్లు. 1932లో జి.ఎస్. ఘుర్యే ఆ లెక్కలన్నీ మళ్లీ పేర్చి చూశాడు. ఇప్పటి ఉత్తరప్రదేశ్ ప్రాంతం దాటి బయటికొస్తే ముక్కుకీ హోదాకీ పొంతన కుదరడం లేదని తేల్చాడు. 1948లో అంబేడ్కర్ అంటరానితనం పుట్టుక మీద రాసిన పుస్తకంలో ఈ కొలతల్నే సాక్ష్యానికి పిలిచాడు. ముక్కు కొలతలు శాస్త్రమే అయితే, బ్రాహ్మణుడూ అంటరానివాడూ ఒకే జాతి అని ఒప్పుకోవాలి. అప్పుడు అంటరానితనానికి జాతి కారణం కాదు, ఇంకేదో వెతకాలి. ప్రత్యర్థి కత్తితోనే ప్రత్యర్థి వాదాన్ని కోయడం అంటే ఇదే.

రెండో రకం వాళ్లు కొలబద్దనే మార్చేశారు. ఈ కథ నాకు మరీ ఇష్టం, ఎందుకంటే ఇది నా ఉద్యోగంలోకి కూడా వచ్చేసింది. 1920లో నాగపూర్ సైన్స్ కాంగ్రెస్‌లో నెల్సన్ అనండేల్ అనే జంతుశాస్త్రవేత్త, కలకత్తా ఆంగ్లో-ఇండియన్ల కొలతల్ని విశ్లేషించి పెట్టమని ప్రశాంత చంద్ర మహలనోబిస్‌ని అడిగాడు. ఆయన అప్పటికి ఫిజిక్స్ చెప్పుకునే లెక్చరర్. ఆ పనిలో పడ్డాక ఒక చిక్కు కనబడింది. ఒక్క ముక్కు చూసి రెండు గుంపుల్ని పోల్చడం అన్యాయం. పోనీ ముక్కు, తల, ఎత్తు అన్నీ కలిపి చూద్దామంటే, అవి ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి. పొడుగు మనిషికి మొహమూ కాస్త పొడుగే. ఒకే విషయాన్ని రెండుసార్లు లెక్కేసినట్టవుతుంది. ఆ ముడిని విప్పి, రెండు గుంపుల మధ్య ఎంత ఎడం ఉందో ఒకే అంకెలో చెప్పే పద్ధతిని 1936లో పూర్తి రూపంలో ప్రచురించాడు. అదే మహలనోబిస్ దూరం. ఈరోజు బ్యాంకు లావాదేవీల్లో తేడా పసిగట్టడానికీ, సెన్సర్ చెడిపోయిందని గుర్తించడానికీ మేం కోడ్‌లో ఒక్క లైనుతో పిలిచే ఫంక్షన్. అది పుట్టింది మనుషుల మొహాల మీదనుంచే అని మాలో చాలామందికి తెలీదు.

తెలుగువాళ్లకి ఈ కథలో సొంత వాటా ఉంది. ఆంధ్రా యూనివర్సిటీలో చదివి కలకత్తా వెళ్లిన సి.ఆర్. రావు, మహలనోబిస్‌తో కలిసి యునైటెడ్ ప్రావిన్సెస్ కొలతల సర్వే మీద పనిచేశాడు. 1946లో కేంబ్రిడ్జి వెళ్లింది కూడా సూడాన్‌లోని జెబెల్ మోయాలో తవ్వి తీసిన అస్థిపంజరాల లెక్కలు తేల్చడానికే. అక్కడే ఫిషర్ దగ్గర డాక్టరేట్ చేశాడు.

రిస్లీకీ మహలనోబిస్‌కీ తేడా గణితంలో మాత్రమే లేదు. రిస్లీది నిచ్చెన. నిచ్చెనకి పై మెట్టు, కింది మెట్టు ఉంటాయి. మహలనోబిస్‌ది దూరం. విజయవాడ నుంచి హైదరాబాద్ ఎంత దూరమో హైదరాబాద్ నుంచి విజయవాడా అంతే. దూరానికి పైనా కిందా ఉండవు. అదే జనం, అవే మొహాలు, దాదాపు అవే కొలతలు. వాటితో అడిగిన ప్రశ్న మారింది.

ఇదంతా పాత చరిత్ర, ఇప్పుడెవరు ముక్కులు కొలుస్తున్నారు అంటారా? పళ్ల డాక్టర్లు కొలుస్తున్నారు, ముక్కుని కాదు, దవడని. పిల్లలకి క్లిప్పులు పెట్టించిన ప్రతి ఇంటికీ తెలుసు: ముందు పక్క నుంచి తల ఎక్స్‌రే తీస్తారు, దాని మీద గీతలు గీస్తారు, కోణాలు చూస్తారు. ఈ గీతలకీ ఒక వంశవృక్షం ఉంది. 18వ శతాబ్దంలో డచ్చి శరీరశాస్త్రవేత్త పీటర్ కాంపర్ ముఖకోణం అని ఒకటి ప్రతిపాదించాడు. ఒరాంగుటాన్‌కి 58 డిగ్రీలు, ఆఫ్రికన్‌కి 70, యూరోపియన్‌కి 80, గ్రీకు శిల్పానికి 100. కాంపర్ ఉద్దేశం ఏదైనా, తర్వాతి తరాలు దాన్ని నిచ్చెనగానే చదువుకున్నాయి. ఆధునిక ఆర్థోడాంటిక్స్‌కి పునాది వేసిన అమెరికన్ ఎడ్వర్డ్ యాంగిల్, 1899లో పళ్ల వరసల్ని మూడు క్లాసులుగా విడదీశాడు. అందమైన మొహానికి ఆయన చూపించిన నమూనా అపోలో బెల్వెడేర్, మళ్లీ పాలరాతి విగ్రహమే.

1931లో బ్రాడ్‌బెంట్ ఎక్స్‌రేతో తలని కచ్చితంగా కొలిచే పద్ధతి తెచ్చాక విగ్రహాల అవసరం పోయింది. 1948లో డౌన్స్ ప్రమాణాలు తయారుచేశాడు. ఎంతమందిని చూసి? పళ్ల వరస చక్కగా ఉన్న 20 మంది తెల్లజాతి పిల్లల్ని చూసి. 1953లో స్టైనర్ వాడిన పై దవడ కోణం 82 డిగ్రీలు ఇప్పటికీ దంతవైద్య విద్యార్థులు బట్టీ పట్టే అంకె. మా భాషలో చెప్పాలంటే, ఎవరో తన మెషీన్‌లో పనిచేసిందని పెట్టిన డిఫాల్ట్ విలువ, ప్రపంచమంతటా అలాగే ఉండిపోయింది.

దాని ఫలితం ఊహించుకోవచ్చు. తూర్పు ఆసియా వాళ్లలో, ఆఫ్రికన్ అమెరికన్లలో ముందు పళ్లూ పెదవులూ సగటున ఇంకొంచెం ముందుకుంటాయి. ఆ 20 మందితో పోలిస్తే ఆరోగ్యంగా ఉన్న మొహం కూడా రోగం కింద లెక్క. అందుకే ఒక్కో దేశం తన ప్రమాణాలు తాను తయారుచేసుకోవడం మొదలుపెట్టింది. 1969లో నందా సోదరుల్లాంటివాళ్లు ఉత్తర భారతీయుల మొహాల మీద ప్రచురించిన అధ్యయనం ఆ కోవలోదే.

కాబట్టి గుంపుల మధ్య తేడాలు లేవని కాదు. ఉన్నాయి. కింది దవడ ముందుకొచ్చే మూడో క్లాసునే చూడండి. 2012లో వచ్చిన ఒక సమీక్ష ప్రకారం చైనా, మలేసియా జనాభాల్లో ఇది 15 శాతం పైన, యూరప్‌లో 5 శాతం దగ్గర, భారతీయుల్లో ఒక శాతం చిల్లర. ఈ సమాచారం పనికొస్తుంది. సింగపూర్‌లో డాక్టరు చిన్న వయసులోనే దేనికోసం చూడాలో చెబుతుంది. కానీ అదే సమీక్షలో ఒక్కో అధ్యయనం సున్నా నుంచి 26 శాతం దాకా ఊగింది. ఇక ఈ దవడకి ప్రపంచంలోకెల్లా పేరుమోసిన ఉదాహరణ తక్కువ శాతం ఉన్న యూరప్ నుంచే వచ్చింది, హాబ్స్‌బర్గ్ రాజవంశం. సగటు అనేది గుంపుకి చెందిన మాట, కుర్చీలో కూర్చున్న పిల్లాడికి చెందినది కాదు.

పైగా మొహం పూర్తిగా పూర్వీకుల చేతిలోనే లేదు. 1980లలో కొరుచ్చినీ బృందం చండీగఢ్ చుట్టుపక్కల చూసినప్పుడు, పల్లె పిల్లలకంటే పట్నం పిల్లల్లో పళ్ల వరస ఎక్కువగా తప్పింది. మెత్తటి తిండికి దవడకి పని తగ్గుతుందని వాళ్ల వాదన. ముక్కు వెడల్పుకీ పూర్వీకులు బతికిన చోటి వేడికీ తేమకీ సంబంధం ఉందని 2017లో ఇంకో బృందం చూపించింది. రిస్లీ హోదా చదివిన చోట, నిజానికి వాతావరణం రాసి ఉందన్నమాట.

కొలవడం ఆపమని ఈ చరిత్ర చెప్పదు. మహలనోబిస్, రావు కొలవడం ఆపలేదు, అంబేడ్కర్ కొలతల్ని పారెయ్యలేదు. ముగ్గురూ కొలత వెనక దాక్కున్న మెట్ల వరసని బయటికి లాగారు. ఇవాళ మనం చేయగలిగేదీ అదే. ఎక్స్‌రే మీద కోణం తేడాగా ఉంది, దవడ సరిచేయాలి అని ఎవరైనా అన్నప్పుడు, నమలడానికీ మాట్లాడటానికీ ఇబ్బందేమైనా ఉందా అని ముందు అడగాలి. లేకపోతే రెండో ప్రశ్న వేయాలి: తేడా అంటే ఎవరి మొహంతో తేడా?