తల మీద చెయ్యి పెట్టుకుని అన్న మాట

డోర్నకల్ డయాసిస్ చరిత్ర రాయమంటే ఎవరైనా 1912తో మొదలుపెడతారు. ఆ ఏడాది డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథీడ్రల్‌లో వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు బిషప్‌గా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ సంఘంలో భారతీయుడొకడు బిషప్ కావడం అదే మొదలు. మనం గర్వంగా చెప్పుకోవలసిన తేదీయే. అయినా ఈ జూబిలీ సంచికలో ముందుగా చెప్పవలసింది, ఆ బిషప్‌గారు మన పల్లెల్లో కూలినాలి చేసుకునే జనం చేత చేయించిన ఒక ప్రమాణం గురించి.

సంఘాలను చూడబోయినప్పుడు ఆయన బాప్తిస్మం పొందినవాళ్లను ఎవరి తల మీద వాళ్ల చెయ్యి పెట్టుకోమనేవారు. తాము బాప్తిస్మం పొందిన క్రైస్తవులమనీ, సువార్త చెప్పకుండా ఊరుకుంటే తమకు శ్రమేననీ వాళ్ల నోటితోనే పలికించేవారు. ఆ రెండో మాట పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 9వ అధ్యాయంలోది. అపొస్తలుడు తన గురించి చెప్పుకున్న మాటను అజరయ్యగారు పాలేరు చేత, నాట్లు వేసే తల్లి చేత అనిపించారు. తల మీద చెయ్యి పెట్టి అన్న మాటకు మన ఊళ్లలో ఎంత బరువుందో తెలుగువాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. ఆ మాట తప్పితే స్టాంపు కాగితం తప్పినదానికంటే ఎక్కువ.

ఆ చేతులు ఎవరివో గుర్తుంచుకోవాలి. వాళ్లలో ఎక్కువమందికి అక్షరం రాదు. కొందరు సంఘంలోకి వచ్చి ఏడాదైనా కాలేదు. ముందు బాగా నేర్చుకుని, విశ్వాసంలో గట్టిపడి, ఆ తర్వాత నలుగురికీ చెబుదురుగాని అని ఆయన అనలేదు. ఇంకొకరికి చెప్పబోయినప్పుడే మనకు తెలిసిందెంతో, తెలియనిదెంతో బయటపడుతుంది. తెలియంది అడిగి తెలుసుకోవాలన్న ఆరాటం అక్కడే పుడుతుంది. డోర్నకల్ సంఘం పెరిగిన తీరంతా ఈ ఒక్క నమ్మకం మీద నిలబడిందని నా అభిప్రాయం.

అజరయ్యగారికి ఈ పట్టుదల ఊరికే రాలేదు. ఆయన 1874లో తిరునల్వేలి జిల్లా వెళ్ళాలన్‌విళైలో పుట్టారు. తండ్రి తోమస్ వేదనాయకంగారు సంఘ గురువు. అజరయ్యగారు మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదువుకుని, వై.ఎం.సి.ఏ. సెక్రటరీగా దక్షిణ దేశమంతా తిరిగారు. 1902లో జాఫ్నా వెళ్లినప్పుడు అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత సొసైటీ పెట్టుకుని, తమ మనుషులనే సువార్త పనికి పంపడం చూశారు. తిరునల్వేలి సంఘం వాళ్లకంటే చిన్నదేమీ కాదు. మరి మనమెందుకు పంపడంలేదన్న ప్రశ్న ఆయన్ను నిలవనీయలేదు. మరుసటి ఏడాది, 1903 ఫిబ్రవరి 12న పాలయంకోట్టైలో ఇండియన్ మిషనరీ సొసైటీ పుట్టింది. మనుషులు మనవాళ్లే, డబ్బు మనదే, నడపడం మనదే అన్నది దాని నియమం. 1905 క్రిస్మస్ నాడు సెరంపూర్‌లో, విలియం కేరీ గ్రంథాలయంలో, నేషనల్ మిషనరీ సొసైటీ స్థాపనలోనూ ఆయన ముందున్నారు.

తిరునల్వేలివాళ్లు ఎంచుకున్న పొలం మనది. 1904లో వాళ్ల మొదటి మిషనరీ శామ్యూల్ పాక్యనాథన్‌గారు నిజాం ఇలాకాలోని మానుకోట తాలూకాకు వచ్చారు. ఆ తాలూకానే ఇప్పటి మహబూబాబాద్ ప్రాంతం. తమిళ దేశం నుంచి వచ్చినవాడికి ఇక్కడ భాష కొత్త, తిండి కొత్త, చివరికి చెల్లే రూపాయి కూడా కొత్తదే. అంత దూరం నుంచి వచ్చి, తెలుగు అక్షరాలు దిద్దుకుని, మన పెద్దల గుమ్మాల ముందు నిలబడ్డ ఆ మనిషి పేరు మన సండే స్కూలు పిల్లల్లో ఎందరికి తెలుసు? అజరయ్యగారి పేరు తెలిసిన ప్రతి బిడ్డకూ పాక్యనాథన్‌గారి పేరూ తెలియాలి.

ఇతరులను పంపి తాను వెనక ఉండడం అజరయ్యగారికి నచ్చలేదు. 1909లో గురు అభిషేకం తీసుకుని, వై.ఎం.సి.ఏ.లో తనకున్న పెద్ద స్థానం వదిలిపెట్టి, డోర్నకల్ వచ్చేశారు. అప్పటికి అది చుట్టూ అడవి ఉన్న రైల్వే జంక్షన్. మొదట్లో గుడారంలోనే కాపురం. మరుసటి ఏడాది ఎడింబరో ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన చేసిన ప్రసంగం సంగతి అందరికీ తెలుసు. మిషనరీల త్యాగాన్ని మనసారా మెచ్చుకుంటూనే, మీ స్నేహం కూడా మాకు కావాలని వాళ్ల మొహం మీదే అడిగారు. అంతమంది దొరల మధ్య నిలబడి ఆ మాట అనడానికి ధైర్యం కావాలి. అదే మనిషి తిరిగొచ్చి మన గూడేల్లో చాప మీద కూర్చున్నాడు. ఆ రెండు చోట్లా ఆయన గొంతు ఒక్కటే కాబట్టే జనం ఆయన మాట విన్నారు.

ఇక సంఘం ఎలా పెరిగిందో దగ్గర నుంచి చూద్దాం. ఒక పల్లెలో నాలుగు కుటుంబాలు విశ్వాసంలోకి వస్తామంటే అక్కడికి ఒక పంతులుగారిని, పంతులమ్మగారిని పంపేవారు. కాపురం ఆ గూడెంలోనే. పగలు పిల్లలకు బడి. జనం కూలి నుంచి వచ్చి, ఇంత గంజి తాగాక, లాంతరు వెలుగులో ప్రార్థన. బాప్తిస్మానికి సిద్ధపడేవాళ్లు పరలోక ప్రార్థన, విశ్వాస ప్రమాణం, పది ఆజ్ఞలు నోటికి చెప్పాలి. పుస్తకం చదవలేని మనిషికి ఒక్కొక్క ముక్క చెప్పి, మళ్లీ చెప్పించి, మర్నాడు అడిగి, తప్పితే మళ్లీ మొదటినుంచి. దీనికి నెలలు పట్టేది. ఆ ఓపిక పంతులుగారిది. ఆడవాళ్లలో ఆ పని పంతులమ్మగారిది. బడి చదువులు లేని తల్లులు యేసు చెప్పిన ఉపమానాలను కథలుగా వల్లించగలిగారంటే ఆ పంతులమ్మల పుణ్యమే. అజరయ్యగారి భార్య అంబు మరియమ్మాళ్‌గారు పంతుళ్ల భార్యలకు శిక్షణ ఇవ్వడం మీద ప్రత్యేకంగా శ్రద్ధ పెట్టారు. చరిత్ర పుస్తకాల్లో ఆమెకు దొరికిన చోటు చాలదని నేననుకుంటాను.

పాట మరో బడి. అజరయ్యగారు తమిళుడైనా, పరాయి రాగాలను మన మీద రుద్దాలనుకోలేదు. తాళాలు, కంజిర పట్టుకుని భజన చేసే అలవాటు మన పల్లెలది. సువార్త కూడా ఆ దారిలోనే వెళ్లాలన్నారు. పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలు అప్పటికే తెలుగు సంఘాల నోళ్లలో ఉన్నాయి. భజన మొదలైతే పిలవని వాళ్లూ అరుగుల మీద చేరతారు. ప్రసంగం వినడానికి రానివాడు పాట వినడానికి వస్తాడు. పాట అయ్యాక దాని అర్థం అడుగుతాడు. అప్పుడు చెప్పవలసింది పక్కన తాళం కొడుతున్న మనిషే.

పిడికెడు బియ్యం గురించి చెప్పకపోతే ఈ కథ సగమే. పూట పూటకూ ఎసట్లో పొయ్యబోయే బియ్యంలోంచి ఇల్లాలు ఒక గుప్పెడు తీసి వేరే కుండలో వేస్తుంది. ఆదివారం ఆ కుండ గుడికి వస్తుంది. అందరి బియ్యమూ ఒక్కచోట పోసి, కొలిచి, అమ్మి, ఆ డబ్బు సంఘం ఖాతాలో జమ చేస్తారు. కోత పండుగకైతే వరి పనలు, కోళ్లు, గుమ్మడికాయలు, గుడ్లు కూడా. కలవాళ్లు ఇవ్వడం వేరు. రేపటికి గింజలుంటాయో లేదో తెలియని ఇంట్లోంచి ఆ గుప్పెడు రావడం వేరు. బీదవాళ్లని చెప్పి వాళ్లను ఇవ్వనివ్వకపోవడం వాళ్లను చిన్నబుచ్చడమేనని అజరయ్యగారు గట్టిగా నమ్మారు. క్రైస్తవ దాతృత్వం మీద ఆయన ఒక పుస్తకమే రాశారు. తన పంతులుగారి జీతంలో తన గుప్పెడు బియ్యం ఉందని తెలిసిన తల్లి ఆ సంఘాన్ని ఎవరిదో అనుకోదు. తనదనుకున్నదాని గురించి పొరుగింటావిడతో చెప్పడానికి సిగ్గుపడదు.

ఆ చెప్పడానికి ఏటా ఒక వారమే కేటాయించారు. సాక్ష్యపు వారం అది. మగవాళ్లూ ఆడవాళ్లూ జట్లు జట్లుగా చుట్టుపక్కల ఊళ్లకు నడిచి వెళ్లేవారు. జీతం తీసుకునే ఉపదేశులకే వదిలేయకుండా మామూలు విశ్వాసులే వెళ్లడం దాని ప్రత్యేకత. వాళ్ల దగ్గర ఉన్నదల్లా తమ బతుకులో జరిగింది చెప్పే ధైర్యమే.

ధైర్యం అన్న మాట ఇక్కడ ఊరికే వాడటంలేదు. వీళ్లలో ఎక్కువమంది మాలలు, మాదిగలు. దొర పిలిస్తే వెట్టికి వెళ్లాలి. చచ్చిన పశువును మోయాలి. గ్రామ దేవత జాతరలో డప్పు కొట్టాలి. వాటికి బదులుగా కళ్లంలో నాలుగు గింజలు దక్కుతాయి. చచ్చిన గొడ్డు మాంసం ఇక తినమనీ, జాతరకు డప్పు కొట్టమనీ, ఆదివారం పనికి రామనీ అన్నవాడికి ఆ గింజలు ఆగిపోతాయి, దెబ్బలూ తగలవచ్చు. ఆ జాబితాలో ఒక్కొక్కదానికీ ఎదురు తిరగడమే ఒక్కొక్క సాక్ష్యం. నోరు విప్పకముందే ఊరంతా వీళ్ల వంక చూసింది. కల్లు మానినవాణ్ని, భార్యను కొట్టడం మానినవాణ్ని, బిడ్డను బడికి పంపినవాణ్ని చూసి, వీళ్లకేమయిందని ఊళ్లోని పెద్ద కులాలవాళ్లే అడగడం మొదలుపెట్టారు. అడిగినవాళ్లలో కొందరు తామే గుడికి వచ్చారు. 1933లో మిషనరీ వాస్కమ్ పికెట్ వెలువరించిన అధ్యయనం తెలుగు నేల మీద ఈ కదలికను ప్రత్యేకంగా గుర్తించింది. దళితుల వెనకాల శూద్ర కులాలు సంఘంలోకి రావడం ఈ దేశ చరిత్రలో చిన్న సంగతి కాదు. 1940ల మొదట్లో డయాసిస్‌లోని క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటింది.

ఇంత పెరుగుదల ప్రశ్నలు లేకుండా ఉండదు. 1930ల మధ్యలో మతమార్పిడి మీద గాంధీగారికీ అజరయ్యగారికీ గట్టి అభిప్రాయభేదం వచ్చింది. హరిజనులకు ఇవన్నీ విచారించి ఎంచుకునే శక్తి లేదన్న ధోరణి గాంధీగారిది. ఎంచుకునే హక్కూ, ఆత్మ విషయంలో ఆకలీ వాళ్లకూ అందరిలాగే ఉన్నాయని అజరయ్యగారు నిలబడ్డారు. ఆయన దేశాభిమానాన్ని శంకించినవాళ్లున్నారు. సొంత దేశపు డబ్బుతో, సొంత దేశపు మనుషులతో పని నడిపించిన మనిషి మీద ఆ నింద నిలవదు. ఆయన వాదనకు బలం ఆయన చదువులో లేదు. విశ్వాస ప్రమాణం కంఠతా పట్టడానికి నెలల తరబడి లాంతరు ముందు కూర్చున్న కూలివాళ్లను ఆయన కళ్లారా చూశారు. వాళ్లకు ఆలోచించడం రాదని ఆయనతో ఎవరు చెప్పినా ఎలా ఒప్పుకుంటారు?

1939 జనవరి 6న డోర్నకల్‌లో ఎపిఫనీ కెథీడ్రల్ ప్రతిష్ఠ జరిగింది. మసీదును తలపించే గుమ్మటాలు, మినార్లు, దేవాలయ మండపాన్ని తలపించే స్తంభాలు. ఈ నేల మీది పనివాళ్లకు తెలిసిన అందాలన్నీ అందులో ఉన్నాయి. పరాయి దేశం నుంచి దించిన కట్టడమని దాన్ని ఎవరూ అనలేరు. సంఘాల ఐక్యత కోసం 1919 తరంగంబాడి సభ నాటి నుంచి అజరయ్యగారు పాటుపడ్డారు. ఒక ఊళ్లో ఇద్దరు క్రైస్తవులు రెండు పేర్లు చెప్పుకుంటే మూడోవాడికి వాళ్లేం చెబుతారన్నది ఆయన బాధ. 1945 జనవరి 1న ఆయన ప్రభువునందు నిద్రించారు. ఆ ఐక్యత ఫలించి 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది.

ఇవాళ మన దగ్గర మైకులున్నాయి, పెద్ద తెరలున్నాయి, ఫోనులో వాక్యం ఉంది. అవి ఉండటం తప్పని అనను. కానీ చెప్పడమనే పనిని మనం వేదిక మీదివాళ్లకు అప్పగించేశాం. కన్ఫర్మేషన్ అయిన కుర్రవాడు అయిదేళ్ల తర్వాత కూడా తన తోటి విద్యార్థితో తన విశ్వాసం గురించి ఒక్క మాట అనకపోతే, మనం వాడికి ఏం నేర్పినట్టు? పొరుగువాడితో గొడవ పడమని ఎవరూ అనడంలేదు. ఎడింబరోలో అజరయ్యగారు అడిగింది స్నేహమే. స్నేహం లేనిచోట చెప్పే సువార్త వినేవాడికి దబాయింపులా తోస్తుంది. పొలం గట్టు మీద, బస్సులో, ఆసుపత్రి వరండాలో, పక్కవాడి బాధ విన్నాక నెమ్మదిగా చెప్పే మాటకు ఇప్పటికీ విలువ తగ్గలేదు.

ఈ సంచిక చేతికి వచ్చిన ప్రతి పాస్టరేట్‌కూ ఒక విన్నపం. గుడి బీరువాలో పాత బాప్తిస్మపు రిజిస్టరు ఉంటుంది. పేరు, తల్లిదండ్రులు, ఊరు, వృత్తి, తేదీ, బాప్తిస్మమిచ్చిన గురువు సంతకం. చెదపురుగు ముందే దాని దగ్గరికి చేరుతోంది. మొదటి పేజీల నకలు తీయించండి. వృత్తి గడిలో కూలి అని ఉన్నచోట ఆ కుటుంబం ఇప్పుడెక్కడుందో కనుక్కోండి. ఆ ఊళ్లో మొదట కాపురమున్న పంతులుగారి, పంతులమ్మగారి పేర్లు పెద్దవాళ్లను అడిగి రాసిపెట్టండి. ఎనభై దాటిన అమ్మమ్మలు ఉంటే, చిన్నప్పుడు తమ ఇంట్లో పిడికెడు బియ్యం కుండ ఎక్కడుండేదో, సాక్ష్యపు వారంలో తల్లి వెంట ఏ ఊరు వెళ్లారో చెప్పించి ఫోనులో రికార్డు చేయండి. ఆదివారం ఆరాధనలో అది వినిపించండి. పిల్లలు ముందు వరసలో కూర్చోవాలి.